థర్మల్ కెమెరా వాళ్ళు వచ్చేలోపు ఇల్లు ఎలా రెడీ చేస్కోవాలి (బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి)

వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, కేఆర్ పురం వైపు అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు సీలింగ్‌లో కాస్త చెమ్మ కనపడితే చాలు థర్మల్ కెమెరా వాళ్ళని పిలిపిస్తున్నారు. మంచి పనే, బాత్రూం టైల్స్ మొత్తం పగలగొట్టించి లీక్ ఎక్కడుందో వెతుక్కోవడం కంటే చాలా నయం. చిక్కు ఎక్కడంటే, కెమెరా వస్తే అదే అన్నీ చూపించేస్తుంది అనుకుని ఇల్లు మాత్రం ఎవరూ రెడీగా పెట్టట్లేదు. వచ్చేవాళ్ళ కోసమని అప్పుడే ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్లు ఫుల్‌లో పెట్టి ఉంచుతారు. అలాంటి ఇంట్లో ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా స్క్రీన్ మీద గోడంతా ఒకే రంగులో కనపడుతుంది, రిపోర్ట్‌లో సమస్య ఏమీ లేదని వస్తుంది, డబ్బులు పోతాయి, నెల తిరక్కుండా అదే చోట మళ్ళీ పెయింట్ ఉబ్బుతుంది. నేను ఈ సర్వేల పనిలోనే ఉన్నా, అందుకే ముందు నుంచి ఏమేం చూస్కోవాలో వివరంగా రాస్తున్నా.

ముందు ఒక విషయం గట్టిగా పట్టుకోండి. ఈ కెమెరా నీళ్ళని చూడదు, గోడ లోపలికీ చూడదు, గోడ పైపొర ఎంత వేడిగా ఉందో అది మాత్రమే చూస్తుంది. ప్రతి వస్తువు నుంచీ దాని వేడిని బట్టి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు బయటికి వస్తూ ఉంటాయి, కెమెరా వాటిని అందుకుని రంగుల బొమ్మగా మారుస్తుంది, అంతే. దాన్నుంచి మన మీదికి ఏ కిరణాలూ రావు, ఇది ఎక్స్‌రే లాంటిది కానే కాదు, ఇంట్లో గర్భిణులున్నా చంటిపిల్లలున్నా ఏ ఇబ్బందీ లేదు. పక్క ఫ్లాట్‌లో వాళ్ళు గోడ గుండా కనపడతారేమో అని కొంతమంది ఆడవాళ్ళు అడుగుతుంటారు, అడగడం న్యాయమే, కానీ కనపడరు. గోడ సంగతి అటుంచి మామూలు కిటికీ అద్దం గుండా కూడా ఈ కెమెరా అవతలికి చూడలేదు, అద్దంలో మన ఒంటి వేడే తిరిగి కనపడుతుంది.

కాబట్టి గోడలో ఒకచోటికీ ఇంకోచోటికీ వేడిలో తేడా ఉంటేనే మనకి సమాచారం. ఆ తేడా పుట్టించడమే ఇంటివాళ్ళ వైపు నుంచి జరగాల్సిన పని, దాన్నే నేను ప్రిపరేషన్ అంటున్నా.

చెమ్మ ఎలా కనపడుతుందంటే, మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో అదే కారణం, తడి ఆవిరవుతూ ఆ జాగాలోని వేడిని లాక్కుపోతుంది, అందుకని చెమ్మ ఉన్న ప్లాస్టరింగ్ చుట్టుపక్కల కంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది. అయితే ఆవిరి అవ్వాలంటే గాలి పొడిగా ఉండాలి కదా. వారం రోజులుగా ముసురు పట్టి ఉన్నప్పుడు గాలిలోనే తేమ నిండి ఉంటుంది, గోడ తడిసి ముద్దయి ఉన్నా ఆవిరి సరిగ్గా అవ్వదు, కెమెరాలో తేడా దాదాపు రాదు. చాలామంది సరిగ్గా అప్పుడే, నీళ్ళు కారుతుంటే కంగారుపడి ఫోన్ చేస్తారు. వానలు ఆగి రెండు మూడు రోజులు బాగా ఎండ కాసాక పిలవండి, బయట పైపొర ఆరిపోయి ఉంటుంది, లోపలి తడి అలాగే ఉంటుంది, అప్పుడు బొమ్మ స్పష్టంగా వస్తుంది. బెంగళూరులో సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే వాన ఎక్కువ కాబట్టి బయటి గోడ నుంచి వచ్చే వాననీటి చెమ్మ చూడాలంటే ఆ వానల మధ్య దొరికే ఎండరోజులు గానీ నవంబర్ చివర గానీ మంచిది. అదే ఏప్రిల్ దాకా ఆగితే గోడ ఎండిపోయి చూడ్డానికి ఏమీ మిగలదు. పైపు లీకులకి ఈ బాధ లేదు, నీళ్ళు రోజూ పారుతూనే ఉంటాయి కాబట్టి గాలి పొడిగా ఉండే ఫిబ్రవరి, మార్చి బ్రహ్మాండంగా ఉంటాయి. చెన్నైలో ఉన్న మనవాళ్ళు అడిగితే మాత్రం నేను జనవరి, ఫిబ్రవరి అని చెప్తా, అక్కడ పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి, పైగా సముద్రపు గాలి తేమ ఎప్పుడూ ఉండేదే.

ఇంకోటి, సర్వే దేనికి చేయిస్తున్నారో ముందే తేల్చుకోండి. చెమ్మకా, ఏసీ చల్లదనం ఎటు పోతోందో చూడ్డానికా, కరెంట్ వైరింగ్‌కా, బయటి టైల్స్‌కా. ఒక్కోదానికి ఒక్కో టైం కావాలి, ఒక్కో రకంగా ఇల్లు ఉండాలి, అన్నీ ఒకే పూట మధ్యాహ్నం రెండు గంటల్లో చేసిపెడతాం అని ఎవరైనా అంటే నాకైతే నమ్మకం కలగదు.

ఇంట్లో చెయ్యాల్సినవి చెప్తా. ముందు రోజు సాయంత్రమే అనుమానం ఉన్న గోడలకి ఆనించి ఉన్న బీరువా, సోఫా, మంచం ఒక రెండు మూడు అడుగులు జరిపేయండి, క్యాలెండర్లు, ఫోటో ఫ్రేములు, దేవుడి పటాలు దించేయండి. సర్వే వాళ్ళు వచ్చాక జరిపితే లాభం లేదు, ఎందుకంటే బీరువా వెనక గోడ మిగతా గోడతో పాటు వేడెక్కదు చల్లారదు, జరిపినా కొన్ని గంటలపాటు బీరువా ఆకారం గోడ మీద అలాగే కనపడుతుంది, దాన్నే చెమ్మ అనుకునే ప్రమాదం ఉంది. బయటి గోడకి వార్డ్‌రోబ్ ఫిక్స్ చేసి ఉంటే బట్టలు తీసేసి తలుపులు రాత్రంతా తెరిచి పెట్టండి. కర్టెన్లు పక్కకి లాగేయండి. ఆ రోజు పొద్దున ఇల్లు తుడవొద్దు, పనమ్మాయికి ముందే చెప్పండి, తడి నేల ఆరేటప్పుడు గోడ అడుగున చల్లటి పట్టీ ఒకటి వస్తుంది, అది కింది నుంచి ఎక్కుతున్న చెమ్మలాగే ఉంటుంది. ఇంట్లో తడిబట్టలు ఆరేయొద్దు. ఫ్యాన్లు కనీసం అరగంట ముందు ఆపేయండి, ఫాల్స్ సీలింగ్‌లో లైట్లు రెండు గంటల ముందే ఆపేస్తే ఇంకా మంచిది, ఆ ఎల్‌ఈడీ పట్టీల వేడి పైన పరుచుకుని ఉంటుంది. ఫ్రిజ్ వెనక గోడ, టీవీ వెనక గోడ, గీజర్ పక్క గోడ వేడిగానే ఉంటాయి, అవి ఎక్కడున్నాయో చెప్తే చాలు. పిల్లల్ని గోడలకి చేతులు ఆనించకుండా చూడండి, చెయ్యి తీసేశాక కూడా కాసేపు అయిదు వేళ్ళూ కెమెరాలో కనపడతాయి. పిల్లలకి అది భలే సరదా, సర్వే అయ్యాక కావాలంటే చూపిస్తాం.

పెయింటింగ్ సంగతి మాత్రం వేరేగా చెప్పాలి. చుట్టాలొస్తున్నారనో గృహప్రవేశమనో చెమ్మ మీద పుట్టీ పెట్టి రంగు వేసేసి తర్వాత సర్వేకి పిలవొద్దు, తాజా పుట్టీలోనూ తడి ఉంటుంది, ఏది పాత చెమ్మో ఏది కొత్త పుట్టీనో విడదీయడం కష్టం. పెచ్చులు ఊడుతున్నా అలాగే ఉంచండి, గోకొద్దు, పెన్సిల్‌తో చెమ్మ అంచు చుట్టూ గీత గీసి పక్కన తేదీ వెయ్యండి. వారం తర్వాత చెమ్మ గీత దాటితే లీక్ ఇంకా నడుస్తోందని అర్థం. పైసా ఖర్చు లేని పని ఇది, సర్వే చేసేవాడికి దీనంత ఉపయోగపడేది ఇంకోటి లేదు.

ఇక మన అపార్ట్‌మెంట్లలో అసలైన గొడవ, పై ఫ్లోర్ బాత్రూం. చాలా బిల్డింగుల్లో బాత్రూం స్లాబ్‌ని కిందికి దించి పోసి ఆ గుంతలో పైపులు వేసి ఇటుకముక్కలో సిండరో (బొగ్గు కాలిన గుల్ల) నింపి పైన టైల్స్ వేస్తారు. ఆ గుంతలోకి నీళ్ళు చేరితే చెరువులా నిలిచిపోతాయి, కింద ఇంటి సీలింగ్‌లో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ దిగుతాయి, అంటే చెమ్మ కనపడేచోటే లీక్ ఉంటుందని లేదు. దీనికి ఒక్క బొమ్మ సరిపోదు, రెండు దఫాలుగా చెయ్యాలి, దానికి పైవాళ్ళ సాయం లేకుండా జరగదు. ముందు రాత్రి పడుకునేటప్పటి నుంచి ఆ బాత్రూం వాడకుండా ఆపాలి, పొద్దున్నే కింది సీలింగ్ మొత్తం ఒకసారి బొమ్మ తీస్కుంటాం, అది మామూలు స్థితి. తర్వాత పైన గీజర్ నీళ్ళు పదిహేను ఇరవై నిమిషాలు వదలాలి, అదీ ఒక్కోటిగా, ముందు నేల మీద, కాసేపాగి వాష్‌బేసిన్‌లో, ఆ తర్వాత షవర్ కింద. కింద అరగంటకి, గంటకి, రెండు గంటలకి బొమ్మలు తీస్తాం. కాంక్రీట్ వేడిని మెల్లిగా దింపుతుంది కాబట్టి తొందరపడకూడదు. సీలింగ్ అంతా సమానంగా కొద్దిగా వేడెక్కితే అది నేల వేడి దిగడం, ట్రాప్ (నేలలో నీళ్ళు దిగే జాలీ కింది గిన్నె) చుట్టూనో పైపు స్లాబ్‌లోంచి దిగేచోటో వంకరటింకర మరక ఒకటి ముందుగా పైకి తేలితే అది నీటి దారి.

పైవాళ్ళతో ఎలా మాట్లాడాలి అనేదే సగం పని. "మీ బాత్రూం లీక్ అవుతోంది" అని మొదలుపెడితే తలుపు మూసుకుంటారు. "అన్నా, ఎక్కడి నుంచి వస్తోందో మాకూ తెలియట్లేదు, మీ టైల్స్ ఒక్కటి కూడా పగలగొట్టకుండా కెమెరాతో చూద్దామనుకుంటున్నాం, శనివారం రాత్రి పడుకునేటప్పటి నుంచి ఆదివారం పొద్దున మా పని అయ్యేదాకా వేరే బాత్రూం వాడుకోగలరా, రిపోర్ట్ మీకూ ఇస్తాం" అని అడిగి చూడండి. అసోసియేషన్ సెక్రటరీ చేత ఒక మెసేజ్ పెట్టిస్తే ఇంకా మేలు. పైన ఉండేది అద్దెవాళ్ళయితే ఓనర్‌కి కూడా ముందే ఫోన్ చెయ్యండి, రిపేర్ డబ్బు ఇవ్వాల్సింది ఆయనే, తర్వాత నాకెందుకు చెప్పలేదంటాడు.

గోడలో వేడినీళ్ళ పైపు లీక్ మాత్రం కెమెరాకి అన్నిటికంటే సులువు. ఇక్కడ టెర్రస్ మీద సోలార్ హీటర్లు బోలెడు ఉంటాయి, అక్కడి నుంచి దిగే లైన్ తెరిచి పది నిమిషాలు వదిలితే గోడలో పైపు గీతలా మెరుస్తూ కనపడుతుంది, లీక్ ఉన్నచోట ఆ గీత ఉబ్బి పక్కలకి పాకుతుంది. దీనికోసం ఆ పొద్దున వేడినీళ్ళు ఎవరూ వాడకుండా ట్యాంక్ నిండుగా ఉంచండి. గోడలో ఎక్కడెక్కడ పైపులున్నాయో ఆ బొమ్మలు ఉంచుకుంటే రేపు గోడకి మేకు కొట్టేటప్పుడు కూడా పనికొస్తాయి.

టెర్రస్‌కి లెక్క తిరగబడుతుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఇంట్లో తడి చల్లగా కనపడుతుందన్నాం కదా, డాబా మీద రాత్రిపూట చూస్తే తడి వేడిగా కనపడుతుంది. ఎందుకంటే నీళ్ళు వేడిని కాంక్రీట్ కంటే బరువుకి బరువు నాలుగు రెట్లకి పైగా పట్టుకుంటాయి, పగలంతా ఎండకి కాగిన డాబా పొద్దుగూకాక గబగబా చల్లారుతుంటే, పై పొరల కింద నీళ్ళు ఇరుక్కున్న భాగం మాత్రం ఆలస్యంగా చల్లారుతుంది. అందుకే మబ్బు లేని ఎండరోజు చూస్కుని సూర్యుడు అస్తమించిన గంట రెండు గంటలకి రమ్మనాలి. ముందు కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు వాన పడి ఉండకూడదు. పూలకుండీలు, దండేలు, పాత సామాన్లు ముందు రోజే తీయించండి, వాటి నీడ పడ్డ జాగా రాత్రికి చల్లటి మరకలా వస్తుంది. ఓవర్‌హెడ్ ట్యాంక్ పొంగి నీళ్ళు పారకుండా ఆ సాయంత్రం మోటార్ చూసుకోమని సెక్యూరిటీకి చెప్పండి. గాలి గట్టిగా వీస్తుంటే వాయిదా వేయడమే మంచిది, గాలికి తేడాలన్నీ కొట్టుకుపోతాయి.

పైఫ్లోర్ వాళ్ళు ఇంట్లో వేడి భరించలేక ఏసీ సర్వే అడుగుతారు. లోపలికీ బయటికీ ఓ పది డిగ్రీల తేడా ఉంటేనే ఇది సరిగ్గా వస్తుంది, చలి దేశాల్లో హీటర్ వేసుకుని ఆ తేడా తెచ్చుకుంటారు, మనకి ఏప్రిల్ మధ్యాహ్నం బయట 34 ఉన్నప్పుడు లోపల 24కి పెడితే సరిపోతుంది. డిసెంబర్‌లో పిలిస్తే ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తాం? మూడు నాలుగు గంటల ముందు నుంచి ఏసీ నడుపుతూ కిటికీలు, తలుపులు మూసి ఉంచండి. సర్వే మొదలయ్యాక కిచెన్, బాత్రూంలలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు అన్నీ వేస్తే ఇంట్లో గాలి బయటికి లాగేసి బయటి వేడిగాలి సందుల్లోంచి లోపలికి వస్తుంది, స్లైడింగ్ కిటికీ అంచులు, ఏసీ పైపు కన్నం, మెయిన్ డోర్ కింది సందు అన్నీ వేడి చారలుగా బయటపడతాయి. అప్పటికి గ్యాస్ స్టవ్ ఆరిపోయి ఉండాలి. డాబాకి కూల్ రూఫ్ పెయింట్ (ఎండ వేడిని వెనక్కి కొట్టే రంగు) వేయిద్దామా వద్దా అని ఆలోచించేవాళ్ళు ముందు ఒక బెడ్‌రూం పైభాగం వరకు వేయించి, వేసిన భాగం, వెయ్యని భాగం కింది నుంచి సీలింగ్ బొమ్మలో పక్కపక్కన పోల్చి చూస్కోండి.

కరెంట్ సర్వేకి ఇల్లంతా ఆపేసి కూర్చోవడం తప్పు, దీనికి అన్నీ నడవాలి. వదులైన స్క్రూ దగ్గర పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, లోడ్ రెట్టింపయితే వేడి నాలుగింతలు, అంటే లోడ్ లేనప్పుడు పాడైన జాయింట్ కూడా చక్కగా చల్లగా కూర్చుంటుంది. గీజర్, ఏసీలు, ఇండక్షన్ స్టవ్ వేసి కనీసం అరగంట నడిచాక డీబీ బాక్స్ (ఇంటి కరెంట్ లైన్లన్నీ విడిపోయే పెట్టె) చూడాలి, మామూలు లోడ్‌లో 40 శాతమైనా ఉండాలని ఈ రంగంలో పాటిస్తారు. అపార్ట్‌మెంట్ మెయిన్ ప్యానెల్ అయితే సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య పెట్టుకోండి. ప్యానెల్ మూత తీయడం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని, మీరు గానీ కెమెరా అతను గానీ ముట్టుకోకూడదు, ఇందులో మొహమాటం వద్దు. ప్లాస్టిక్ మూత ఉంచి తీసిన బొమ్మకి విలువ లేదు. ఒకే లోడ్ మీదున్న ఒకేలాంటి రెండు ఎమ్‌సీబీల (లోడ్ ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చుల) మధ్య 15 డిగ్రీలు మించి తేడా వస్తే ఆ రోజే బాగుచేయించండి.

బయటి టైల్స్, ప్లాస్టరింగ్ వెనక డొల్ల చూడాలంటే ఎండ పడుతున్నప్పుడే చూడాలి, తూర్పు గోడ పొద్దున, పడమటి గోడ మధ్యాహ్నం, డొల్ల ఉన్నచోట వెనక గాలి ఉంటుంది కాబట్టి ముందే వేడెక్కుతుంది. ఎత్తయిన టవర్లకి కింది నుంచి తీస్తే చిన్నవి దొరకవు, 320 పిక్సెళ్ళ వెడల్పు, 24 డిగ్రీల లెన్స్ ఉన్న కెమెరాకి 40 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ అయిదు సెంటీమీటర్లు, నమ్మకంగా చెప్పాలంటే మూడు పిక్సెళ్ళయినా కావాలి, అంటే దాదాపు పదిహేను సెంటీమీటర్ల కంటే చిన్న డొల్ల తెలియదు. డ్రోన్ తెస్తామంటే అనుమతి సంగతి అడగండి, హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్ట్, యెలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ చుట్టుపక్కల ఊరికే ఎగరేసేది కాదు.

ఎవర్ని పిలవాలి అంటే నాలుగు మాటలు ఫోన్‌లోనే తేలిపోతాయి. థర్మోగ్రఫీలో (ఈ కెమెరాతో చూసే పనిలో) లెవెల్ 1 గానీ లెవెల్ 2 గానీ సర్టిఫికెట్ ఉందా, కెమెరా రిజల్యూషన్ ఎంత, మాయిశ్చర్ మీటర్ (గోడకి ఆనిస్తే తడి ఎంతో చెప్పే పరికరం) వెంట తెస్తారా. ఈ చివరిది మరీ ముఖ్యం. కెమెరా చల్లటి మచ్చ చూపిస్తుంది కానీ అది తడి వల్లో, వెనక బీమ్ వల్లో, ఏసీ గాలి తగలడం వల్లో అది చెప్పలేదు, మీటర్ ఆనించి నిర్ధారించుకోవాలి. ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరాలు ఇంట్లో సరదాగా చూస్కోవడానికి బాగుంటాయి, బిల్డర్‌కి చూపించే రిపోర్ట్‌కి కనీసం 320 బై 240 అడగండి. ఇంకో సంగతి, ఆటోమేటిక్ స్కేల్‌లో పెడితే అర డిగ్రీ తేడా కూడా ఎరుపు నీలంగా భయంకరంగా కనపడుతుంది, బొమ్మ పక్కన ఉండే డిగ్రీల పట్టీ చూడకుండా రంగులు చూసి బెదరొద్దు. స్టీల్ సింక్, మెరిసే అల్యూమినియం లాంటివాటి మీద వచ్చే అంకె నమ్మేది కాదు, అవి అద్దాల్లా చుట్టుపక్కల వేడినే చూపిస్తాయి, తెలిసినవాళ్ళయితే అక్కడ నల్లటి ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి దాని మీద కొలుస్తారు.

వచ్చిన రోజు ఒక కాగితం రెడీగా పెట్టుకోండి, ఆఖరి వాన ఎప్పుడు, ఏసీ ఎన్నింటికి వేశారు, బాత్రూం ఎప్పుడు ఆపారు, చెమ్మ మొదట ఎప్పుడు చూశారు, అన్నీ రాసి ఇవ్వండి. వాళ్ళు వచ్చీ రాగానే మొదలుపెట్టకుండా కెమెరా గది వేడికి అలవాటుపడేదాకా ఒక పది పదిహేను నిమిషాలు ఆగుతారు, ఆ లోపు కాఫీ ఇవ్వండి, ఫ్లాట్ ప్లాన్ కాగితం ఉంటే చేతికివ్వండి. ప్రతి థర్మల్ బొమ్మ పక్కన మామూలు ఫోటో, టైం, గది ఉష్ణోగ్రత, గాలిలో తేమ, ఎమిసివిటీ సెట్టింగ్ (ఆ వస్తువు వేడి కిరణాల్ని ఎంత బాగా వదులుతుందో చెప్పే అంకె) ఉండాలని ముందే చెప్పండి.

ఫ్లాట్ చేతికొచ్చి అయిదేళ్ళు దాటకపోతే మేస్త్రీని పిలిచే ముందు ఆగండి. 2016 రెరా చట్టం (బిల్డర్ల మీద ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం) సెక్షన్ 14(3) ప్రకారం స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్ళలోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపం ఉందని బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లోపు అదనంగా డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. అందుకని సర్వే రోజు బిల్డర్ తరఫు ఇంజినీర్‌ని కూడా రమ్మని ఒక ఈమెయిల్ పెట్టండి, రాకపోయినా ఆ ఈమెయిల్ మీ దగ్గర ఉంటుంది. ఒకసారి టైల్స్ తీసేశాక లోపం ఎక్కడుండేదో నిరూపించడం చాలా కష్టమైపోతుంది.

రిపోర్ట్ పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా కెమెరా ఒరిజినల్ ఫైళ్ళు కూడా పెన్‌డ్రైవ్‌లో తీస్కోండి, వాటిలో ప్రతి పిక్సెల్ ఉష్ణోగ్రత ఉంటుంది, తర్వాత ఇంకొకరితో చూపించుకోవచ్చు. రిపేర్ అయ్యాక స్లాబ్ ఆరడానికి కొన్ని వారాలు టైం ఇచ్చి, వీలైనంత వరకు అదే వాతావరణంలో, అదే వేళకి, అదే మూల నుంచి మళ్ళీ ఒకసారి తీయించండి, పాత బొమ్మ, కొత్త బొమ్మ ఒకే డిగ్రీల స్కేల్‌లో పెట్టమని అడగండి. మరక పోయిందని చూసుకున్నాకే పెయింటర్‌ని పిలవండి.